పథ్యం లేని మందు

పోయినవారం గంగారత్నాన్ని మొగలిలంక రేవులో కులపెద్దల ముందు నిలబెట్టి మనం మన దారిన వచ్చేశాం. పాపం, ఆ మనిషి ఈ ఏడు రోజులూ అక్కడే నిలబడి ఉంది. చంకలో ఏడేళ్ళ కూతురు రత్నమాణిక్యం. ఎదురుగా, బోర్లించిన తాటిదోనె మీద కూర్చున్న కులపెద్ద బుచ్చయ్య. ఆయన పక్కన కుంపటి, అందులో ఎర్రబడుతున్న ఇనపకడ్డీ. ఆ కడ్డీ మాణిక్యం నుదుటి కోసం.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మాణిక్యానికి ఐదో ఏట మూర్ఛలు మొదలయ్యాయి. రెండేళ్ళపాటు తాయెత్తులూ, విభూతీ, వేపమండలూ అన్నీ అయ్యాయి. చివరికి ఈ శ్రావణంలో గంగారత్నం పిల్లని ఏలూరు తీసుకెళ్ళి డాక్టరు చలపతిరావుగారికి చూపించింది. ఆయన పిల్లని చూసింది తక్కువ, తల్లిని అడిగింది ఎక్కువ. ముందు ఏ చెయ్యి లాగుతుంది? మొహం ఎటు తిరుగుతుంది? ఎంతసేపు కొట్టుకుంటుంది? తేరుకున్నాక నిద్రపోతుందా? అరగంటసేపు అన్నీ విని, "దయ్యమైతే రోజుకో చెయ్యి పట్టుకునేదమ్మా. ఇది ఎప్పుడొచ్చినా ఎడంచేతి నుంచే వస్తోంది. దయ్యానికి అంత క్రమశిక్షణ ఎక్కడిది? ఇది మెదడుకి వచ్చిన జబ్బు. దీనికి మందుంది" అన్నారు. రోజూ దీపాలవేళ ఒక తెల్లమాత్ర. మూడు నెలలు మూర్ఛ మాటే లేదు. పిల్ల బడిలో అక్షరాలు కూడా దిద్దింది. ఆ తర్వాత, మొన్న కార్తీకపున్నమి వెళ్ళాక, పదిహేను రోజుల్లో మూడుసార్లు పడింది. దాంతో లంకంతా లేచింది.

"చూడమ్మా గంగారత్నం," అన్నాడు బుచ్చయ్య. గొంతు పెంచలేదు. పెంచని గొంతుకే లంకలో ఎక్కువ భయపడతారు. "నేను నీకు శత్రువుని కాదు. నీ మొగుడు అంకయ్య నా తమ్ముడి కొడుకు. మాణిక్యం నాకూ మనవరాలే. కానీ ఒక్కసారి చూడు. పిల్ల పడిన మూడుసార్లూ ఎప్పుడు పడింది? వలలు నిండిన రోజుల్లోనే పడింది. చేప పడని రోజు పిల్ల పడలేదు. అంటే ఏమిటి? కొల్లేరు మనకి ఇచ్చింది, తన వాటా తను అడుగుతోంది. నువ్వేమో పట్నం మందులు మింగించి ఆ తల్లికి అడ్డం నిలబడ్డావు."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఊపరూ మరి! వాళ్ళు కళ్ళతో చూసిన సంగతే కదా. మూడుసార్లకి మూడుసార్లూ గంపలనిండా కొర్రమీనూ జెల్లలూ వచ్చిన రోజుల్లోనే పిల్ల కళ్ళు తేలేసింది.

"అందుకని తీర్పేమిటండీ?" అంది గంగారత్నం.

"ఆ కుంపటి దగ్గరున్న ఏడుకొండలు వాత పెడతాడు. ఒకటే. నుదుటి మీద. ఆ మాత్రలు నీళ్ళలో కలిపెయ్యాలి. ఇక మీదట పిల్ల ఏ దోనే ఎక్కకూడదు."

చుట్టూ నీళ్ళున్న లంకలో దోనె ఎక్కకూడదంటే బడి లేదు, బజారు లేదు, ఏలూరూ లేదు. నాలుగు గుడిసెల మధ్య, నుదుటి మీద మచ్చతో, ఎప్పుడు పడుతుందోనని అందరూ చూస్తుండగా బతకాలి. గంగారత్నానికి ఒళ్ళు మండిపోయింది. కానీ మాట మాత్రం మర్యాద తప్పలేదు. గోదావరి జిల్లాల వాళ్ళు కోపమొస్తే అండీలు ఇంకో రెండు ఎక్కువ పెడతారు.

"పెద్దమావగారండీ, ఒక్క మాట అడుగుతానండీ. మీ చిన్నతమ్ముడు వరదానం మావకి కూడా మూర్ఛలుండేవి కదండీ?"

వరదానం పేరు బుచ్చయ్య ముందు ఎత్తి పాతికేళ్ళయింది. వల వేస్తూ వేస్తూ మూర్ఛ వచ్చి దోనెలోంచి నీళ్ళలోకి జారిపోయాడు. మూడోరోజు తేలాడు. పిల్లని దోనె ఎక్కించొద్దని బుచ్చయ్య అనడం వెనక ఆ మూడు రోజులున్నాయి. గంగారత్నానికి ఆ సంగతి తెలుసు. తెలిసే అడిగింది.

"ఉండేవి," అన్నాడు బుచ్చయ్య.

"ఆయనకి వాతలు పెట్టారాండీ?"

"పెట్టాం."

"ఎన్నండీ?"

బుచ్చయ్య వెనక నుంచి ఎవరో ముసలామె గొణిగింది, "ఏడు."

"ఏడు వాతలకి పోని జబ్బు నా కూతురికి ఒక్క వాతకి ఎలా పోతుందండీ? ఆ మహానుభావుడికి అప్పుడు మాత్ర లేదు. ఉంటే ఇవాళ మీ పక్కన కూర్చుని నన్ను తిట్టేవారు. నా పిల్లకి మాత్ర ఉంది. నేను వెయ్యడం మాననండీ."

ఆ మాటకి బుచ్చయ్య మొహం మాడిపోయింది. పెద్దవాడి పుండు మీద వేలు పెట్టింది కోడలు. న్యాయం కోసమే పెట్టినా పుండు పుండే. ఆయన చెయ్యి చాపి, "ఆ సీసా ఇలా తెండి" అన్నాడు.

సీసా తెచ్చింది గంగారత్నం అత్తగారు వెంకటనరసమ్మ. మందు ఆవిడ అధీనంలోనే ఉంటుంది. సాయంత్రం గంగారత్నం కైకలూరు బజారులో చేపలమ్ముకుని తిరిగొచ్చేసరికి పిల్ల నిద్రపోతుంది. అందుకని మాత్ర వెయ్యడం నాయనమ్మ పని. సీసాని ఉట్టి మీద, పెరుగు ముంత వెనకాల, పిల్లల చెయ్యి అందకుండా దాచుకుంటుంది. మనవరాలంటే ఆవిడకి ప్రాణం. పిల్ల పడ్డ మూడుసార్లూ ఒళ్ళో పడుకోబెట్టుకుని తెల్లవార్లూ ఏడ్చింది ఆవిడే.

బుచ్చయ్య మూత తీసి సీసాని అరచేతిలోకి వంచాడు. మాత్రలు గలగలమని రాలాయి. నీళ్ళవైపు చెయ్యెత్తాడు.

"ఆగండి!"

ఈసారి అండీలో మర్యాద లేదు, ఆజ్ఞ ఉంది. బుచ్చయ్య చెయ్యి నిజంగానే ఆగింది. గంగారత్నం పిల్లని కిందికి దింపి, దగ్గరకొచ్చి, ఆయన అరచేతిలోకి తొంగిచూసింది. చేపలమ్మే మనిషి. గంపలోకి ఒక్క చూపు చూసి ఎన్నున్నాయో చెప్పగలదు. ఆ చూపే చూసింది.

"పంతొమ్మిదున్నాయి," అంది. "పంతొమ్మిది ఎలా ఉంటాయి?"

ఎవరికీ అర్థం కాలేదు.

"కార్తీకపున్నమి నాడు సీసా తెచ్చాను. ముప్ఫై మాత్రలు. ఇవాళ్టికి ఇరవైరెండు రోజులు. రోజుకొకటి వేస్తే ఎనిమిది మిగలాలి. పంతొమ్మిది ఎలా మిగిలాయి? అత్తయ్యా, పదకొండు రోజులు మాత్ర వెయ్యలేదా?"

వెంకటనరసమ్మ బెదరలేదు, దాచలేదు. దాచవలసిన పని చేశానని ఆవిడ అనుకోవడం లేదు.

"వేశానే! పథ్యం ఉన్న రోజల్లా వేశాను. చేపల పులుసు తిన్న రోజు మానేశాను. చేప మీద మందు పడితే విరుద్ధం కదా? నా మనవరాలి కడుపులో విషం పోస్తానా నేను?"

"డాక్టరుగారు పథ్యం లేదన్నారు కదత్తయ్యా! నీకు చెప్పాను కదా, అన్నీ తినొచ్చన్నారని!"

"చెప్పావు. పథ్యం లేని మందు భూమ్మీద ఎక్కడైనా ఉంటుందిటే? అయినా ఆయన బాపనాయన. వాళ్ళింట్లో 'అన్నీ' అంటే పప్పూ, కూరా, పచ్చడీ, పెరుగూ. చేప అందులో ఉందా? చేప సంగతి ఆయనకేం తెలుసు, అడక్కుండా చెప్పడానికి? నువ్వు చేపలని పేరెట్టి అడిగావా?"

గంగారత్నం అడగలేదు. ఏలూరు డాక్టరుగారి గదిలో, అగరొత్తుల వాసన మధ్య, చేపల పేరెత్తడానికి తనకే సిగ్గేసింది. ఆయన అన్నీ తినొచ్చన్నారు, తను తలూపి వచ్చేసింది. తలలు ఊపడంలో లంకవాళ్ళని అనుకోవడమెందుకు, ఆ రోజు తనూ ఊపింది.

అయితే ఆ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు. దాని వెనకనుంచి వేరే సంగతి తోసుకొచ్చింది. జనం వైపు తిరిగింది.

"విన్నారాండీ అందరూ? పెద్దమావగారు చెప్పింది నిజమేనండీ. వల నిండిన రోజుల్లోనే నా పిల్ల పడింది. ఎందుకు పడింది? చేపలు తక్కువగా పడితే అన్నీ అమ్మకానికి పోతాయి, మనం పచ్చడి మెతుకులు తింటాం. ఆ రోజు మాత్ర పడుతుంది. వల నిండితే ఇంట్లోనూ పులుసు కాస్తాం. ఆ రోజు మాత్ర పడదు. వరసగా నాలుగు రోజులు వల నిండితే నాలుగు రోజులూ మాత్ర లేదు. ఆ నాలుగోరోజే పిల్ల పడింది. తర్వాత ఏడు రోజులు నిండితే రెండుసార్లు పడింది. శ్రావణం నుంచి మూడు నెలలు వరదనీళ్ళలో వలలు నిలవక చేపల మొహమే చూడలేదు మనం. ఆ మూడు నెలలూ ఒక్క మాత్ర తప్పలేదు, ఒక్క మూర్ఛ రాలేదు. కొల్లేరు వాటా అడగలేదండీ. కొల్లేటిని అనవసరంగా ఆడిపోసుకున్నాం. ఒక్కరోజు మానినా జబ్బు తిరగబడుతుందని డాక్టరుగారు ముందే చెప్పారు. అది తిరగబడింది, అంతే."

ఇంత సూటిగా, ఇంత సులువుగా ఉన్న సంగతి వినడం మొగలిలంక పెద్దలకి అలవాటు లేదు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వెంకటనరసమ్మ నిలబడ్డచోటే కూలబడింది. "నేనా? నా చేత్తో నేనేనా?" అని రెండు చేతులూ తిప్పి చూసుకుంది.

అప్పుడు బుచ్చయ్య ఒప్పుకుని ఉంటే కథ ఇక్కడితో అయిపోయేది, ఆయనా మంచివాడిగా మిగిలేవాడు. కానీ తీర్పు చెప్పేశాక లెక్క తప్పని కోడలి చేత అనిపించుకోవడం కులపెద్దలకి చావుతో సమానం. ఆయన అరచేతిలోని మాత్రల వైపు చూశాడు, పెద్దల వైపు చూశాడు. "ఈ గొడవకి మూలం ఇదే" అని చెయ్యి విసిరాడు. పంతొమ్మిది మాత్రలూ కొల్లేట్లో పడ్డాయి. నీళ్ళ మీద తెల్లగా ఒక్క క్షణం కనిపించి మునిగిపోయాయి.

గంగారత్నం ఒక్క అరుపు అరిచింది. ఆ అరుపుకి జడిసో, లేక అన్ని మాత్రలు తప్పినందుకో, తల్లి కొంగు పట్టుకుని నిలబడ్డ మాణిక్యం ఎడంచెయ్యి టకటకమని లాగసాగింది. మొహం ఎడమకి తిరిగింది. పిల్ల నేల మీద పడింది.

జనం ఒక్కసారి వెనక్కి తగ్గారు. ఎవరో తాళంచెవులు తెచ్చి పిల్ల గుప్పిట్లో కుక్కబోయారు. ఏడుకొండలు కుంపట్లోంచి కడ్డీ లాగి, "ఇదే అదును! ఇప్పుడే పెట్టాలి, ఒంట్లో ఉండగానే పెట్టాలి!" అని ముందుకొచ్చాడు.

గంగారత్నం తాళాలు విసిరికొట్టింది. కుంపటిని కాలితో ఒక్క తన్ను తన్నింది. బొగ్గులు నీళ్ళలో పడి చుయ్యిమన్నాయి. తర్వాత ఏడుకొండలుకి ఎదురుగా నిలబడి, "బాబూ, నువ్వు ఇంకొక్క అడుగు ముందుకేస్తే ఆ కడ్డీ నీ మొహానికే పెడతానండీ" అంది. బాబూ అంటూనే, అండీ అంటూనే అంది. ఏడుకొండలు ఆ అడుగు వెయ్యలేదు.

ఆవిడ కూతురి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. పిల్లని పక్కకి తిప్పి, తల కింద తన కొంగు మడిచి పెట్టింది. నోట్లో ఏమీ పెట్టలేదు, చేతులు అదిమిపట్టలేదు. డాక్టరుగారు నేర్పింది ఒక్కటీ మరిచిపోలేదు. పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"ఒక పుంజీ... రెండు పుంజీలు... మూడు పుంజీలు..."

మొగలిలంకలో గడియారం లేదు. మూర్ఛ ఎంతసేపుందో తెలియాలంటే నింపాదిగా మూడువందలు లెక్కపెట్టమన్నారు డాక్టరుగారు. తనకి చేపల లెక్కే వచ్చని, నాలుగింటికో పుంజీ చొప్పున తప్ప అంతదూరం లెక్కపెట్టలేనని ఆవిడ చెప్పింది. ఆయన నవ్వి కాగితం మీద లెక్కవేసి, "అయితే డెబ్బయ్యయిదు పుంజీలు. అది దాటినా ఆగకపోతే ఇంకేమీ చూడకు. పిల్లని తీసుకుని నా దగ్గరికొచ్చెయ్" అన్నారు. ఇంతవరకు ఎప్పుడూ ముప్ఫై పుంజీలు దాటలేదు.

"ఇరవైతొమ్మిది... ముప్ఫై... ముప్ఫై ఒకటి..."

లంకంతా ఆ లెక్క వింటోంది. ఆడవాళ్ళలో కొందరు ఆవిడతో పాటు పెదవులు కదుపుతున్నారు. పిల్ల ఒళ్ళంతా కొట్టుకుంటోంది. పెదవుల చుట్టూ నీలం కమ్ముకొస్తోంది.

"డెబ్బయ్యి నాలుగు... డెబ్బయ్యి అయిదు."

ఆగలేదు. గంగారత్నం లేచింది, పిల్లని రెండు చేతుల మీదా ఎత్తుకుంది. "ఒక దోనె ఇవ్వండి," అంది. ఎవరినీ పేరు పెట్టి అడగలేదు.

ఎవరూ కదల్లేదు. అందరి కళ్ళూ బుచ్చయ్య మీదున్నాయి. ఆయన కళ్ళ ముందున్నది మాణిక్యమో, పాతికేళ్ళనాటి వరదానమో ఆయనకే తెలియాలి. "వద్దు," అన్నాడు. "నీళ్ళ మీదికి వద్దు. ఈ స్థితిలో ఏ దోనే కదలదు. కదిలితే ఆ దోనె మళ్ళీ ఈ రేవుకి రాదు."

"రాకపోతే మానె! రేవు కొల్లేటిదండీ, మీది కాదు!"

ఆ మాట అన్నది గంగారత్నం కాదు. కూలబడ్డ వెంకటనరసమ్మ ఎప్పుడు లేచిందో లేచింది. అరవైయేళ్ళ మనిషి, బావగారి ఎదుట ఏనాడూ నోరెత్తనిది, కొంగు నడుముకి బిగించి మోకాలి లోతు నీళ్ళలోకి దిగింది. దోనె తాడు విప్పి, గెడ చేతిలోకి తీసుకుంది. "నా చేత్తో చెడగొట్టాను, నా చేత్తోనే దాటిస్తాను. ఎక్కవే గంగారత్నం!" అంది. దోనె అటూ ఇటూ ఊగింది గానీ ముందుకి కదల్లేదు. గెడ వేసిన చేతులు కావవి.

అప్పటిదాకా పెదనాన్న వెనక తలొంచుకుని నిలబడ్డ అంకయ్య నీళ్ళలోకి నడిచాడు. ఇంతసేపూ ఆయన ఉన్నాడని మీరే మరిచిపోయి ఉంటారు, తప్పు మీది కాదు. తల్లి చేతిలోంచి గెడ అందుకుని, "ఇలా ఇయ్యమ్మా. నీకు చేతకాదు" అన్నాడు. అంతే అన్నాడు. బుచ్చయ్య "అంకయ్యా!" అని పిలిచిన పిలుపుకి వెనుదిరగలేదు.

దోనె రేవు విడిచింది. అంకయ్య గెడ బలంగా వేస్తున్నాడు. తూటుకాడలు, తుంగదుబ్బులు పక్కలకి తప్పుకుంటున్నాయి. అవతలి గట్టు చేరితే ఏలూరు బస్సు దొరుకుతుంది. వెంకటనరసమ్మ మనవరాలి పాదాలు ఒళ్ళో పెట్టుకుని అరికాళ్ళు రాస్తోంది, రాస్తూ ఏడుస్తోంది. గంగారత్నం లెక్క ఆపలేదు. ఆపితే పిల్ల ప్రాణం కూడా ఆగిపోతుందన్నట్టు లెక్కపెడుతూనే ఉంది. అత్తగారి మీద కోపముందా అంటే ఉంది. దాన్ని అనుభవించడానికి తీరిక లేదు.

నూట నలభై పుంజీల దగ్గర ఒళ్ళు కొట్టుకోవడం తగ్గింది. నూట నలభై ఆరు దగ్గర ఆగింది. పిల్ల గట్టిగా ఊపిరి పీల్చింది. పెదవుల్లోకి రంగు తిరిగొచ్చింది. అంకయ్య గెడ పట్టుకునే మొహం భుజానికి తుడుచుకున్నాడు.

చాలాసేపు పిల్ల కదలకుండా పడుకుంది. ఎప్పుడూ ఇంతే, ఇది నిద్ర, భయపడక్కర్లేదని గంగారత్నం అత్తగారికి చెప్పింది. పొద్దు సరిగ్గా నడినెత్తిన ఉంది. కొల్లేరు చూడలేనంతగా మెరుస్తోంది. పిల్ల మొహాన ఎండ పడుతోందని తల్లి కొంగు అడ్డం పెట్టింది.

మాణిక్యం కళ్ళు తెరిచింది. తల్లి మొహం వైపే తెరిచింది గానీ చూపు నిలవలేదు. చెయ్యి చాపి గాలిలో వెతికింది. తల్లి గడ్డం చేతికి తగిలాక, దాన్ని పట్టుకుని, నీరసంగా, కొంచెం చిరాగ్గా అడిగింది.

"అమ్మా, అప్పుడే చీకటిపడిపోయిందేంటి? దీపం పెట్టవా?"